ఏడ్చే మిషన్‌కే డబ్బు పోయొద్దు: ఏ పార్ట్ పోతే మొత్తం ఆగిపోతుందో గీసి చూసుకునే పద్ధతి

మా మేనమామ పూతలపట్టు దగ్గర ఒక పల్లెలో పాల కేంద్రం నడుపుతాడు. పెద్దదేం కాదు, ఒకే ఒక కూలర్ ట్యాంకు, చుట్టుపక్కల నాలుగు పల్లెల ఆవుల పాలు పొద్దున ఒక పూట సాయంత్రం ఒక పూట వచ్చి అందులో పడతాయి, పాలు 3, 4 గంటల్లో 4 డిగ్రీలకి దిగాలి, తర్వాత ట్యాంకర్ వచ్చి తోడుకుపోతుంది. పోయిన ఎండాకాలం ఆ కూలర్‌కి ఉన్న రెండు కంప్రెసర్లలో పాతది మూడు రోజులకోసారి పడకేస్తుంటే విసుగొచ్చి అప్పు చేసి మరీ కొత్తది పెట్టించాడు. రెండు వారాలు తిరక్కముందే ఒక సాయంత్రం పాలు కలియబెట్టే అజిటేటర్ మోటర్ కాలిపోయింది. కొత్త కంప్రెసర్ బ్రహ్మాండంగా తిరుగుతానే ఉంది, అడుగున పాలు గడ్డకట్టుకుపోతున్నాయి, పైన పాలు మాత్రం గోరువెచ్చగా అట్నే ఉన్నాయి. ట్యాంకర్ అతను మూత తీసి వాసన చూసి ఏం మాట్లాడకుండా మూత పెట్టేసి వెళ్ళిపోయాడంట.

ఆ రాత్రి నాకు ఫోన్. "ఏంరా అల్లుడా, అంత దుడ్డు పోసి కొత్తది పెట్టిస్తిని గదా, మళ్ళా పాలు ఎట్ల సోరైపోయినాయి?"

నేను రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో పనిచేస్తా, అందుకని ఇంట్లో మిక్సీ ఆగినా నాకే ఫోన్ వస్తుంది. కానీ మామ అడిగిన ప్రశ్న మాత్రం నిజంగా మంచి ప్రశ్న. ఏడ్చే బిడ్డకే పాలు అన్నట్టు మనందరం ఎక్కువసార్లు చెడిపోయే మిషన్‌కే డబ్బు పెడతాం, అది పోతే మొత్తం పని ఆగుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న అని గుర్తుండదు. ఈ రెండు ప్రశ్నల్ని విడదీసి ఒకే బొమ్మలో పక్కపక్కన చూపించే పద్ధతి ఉంది, ఆదివారం ఊరికి పోయి మామ ముందర కూర్చుని అదే చేశా. మీ దగ్గర ఉన్నది పాల కూలర్ కాకపోవచ్చు, అపార్ట్‌మెంట్ నీళ్ళ మోటర్లు, మామిడి గుజ్జు లైను, ఆఫీసులో సర్వర్లు ఏదైనా సరే, పద్ధతి ఇదే. కావాల్సింది ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ, ఇంకా మీ దగ్గర ఉన్న పాత రిజిస్టర్.

మొదట, "పోయింది" అంటే ఏంటో ఒక్క వాక్యంలో రాసుకోండి

ఇది చిన్న పనిలా ఉంటుంది గానీ దీని మీదే అంతా నిలబడేది. మామని "ఎప్పుడు ఫెయిల్ అయినట్టు లెక్క?" అంటే "పాలు చెడిపోతే" అన్నాడు, అత్తేమో "చెడిపోకపోయినా లేటయితే రేటు కోస్తారు గదా, అది గూడా ఫెయిలే" అంది. అత్త చెప్పిందే కరెక్టు. కాబట్టి మేము రాసుకున్న వాక్యం: ఒక పూట పాలు టైముకి 4 డిగ్రీలకి దిగకపోతే ఆ పూట ఫెయిల్. ఒక పూట అనే కొలత కూడా ఇక్కడే ఖాయం అయిపోయింది చూడండి, రోజుకి రెండు పూటలు, వంద రోజులకి రెండొందల పూటలు.

తర్వాత బ్లాకుల బొమ్మ

కాగితం మీద ఎడమ నుంచి కుడికి ఒక గీత గీయండి, నీళ్ళ పైపు అనుకోండి. తప్పనిసరిగా ఉండాల్సిన పార్టులన్నీ ఆ పైపు మీద ఒకదాని తర్వాత ఒకటి డబ్బాల్లా రావాలి, ఒకటి పోయినా ఇంకోటి చూసుకుంటుంది అనే చోట పైపు రెండుగా చీలి మళ్ళీ కలవాలి. ఎడమ చివర నుంచి కుడి చివరకి ఏదో ఒక దారిలో నీళ్ళు పోతే సిస్టమ్ బతికున్నట్టు.

మా కూలర్‌కి ఇలా వచ్చింది. మొదట చీలిక, పైన కరెంటు లైను, కింద జనరేటర్. రెండూ కలిసి చేంజోవర్ స్విచ్‌లోకి, అంటే కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్. అక్కడ్నుంచి టెంపరేచర్ కంట్రోలర్, మళ్ళీ చీలిక, పైన పెద్ద కంప్రెసర్ కింద పాత కంప్రెసర్, రెండిట్లో ఏ ఒక్కటి తిరిగినా పాలు టైముకి చల్లబడతాయి. కలిసిన తర్వాత చివర్లో అజిటేటర్ మోటర్. మొత్తం ఏడు డబ్బాలు.

ఇక్కడ ఒక మాట, బొమ్మ గీసేది వైరింగ్ ఎట్లా ఉందో చూపించడానికి కాదు. అజిటేటర్‌కి వైరు కంట్రోలర్ నుంచి వస్తుందా ప్యానెల్ నుంచి వస్తుందా అనేది ఈ బొమ్మకి అనవసరం, అది లేకపోతే పని జరుగుతుందా లేదా అన్నదే ముఖ్యం. మా ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్లతో గీయిస్తే ప్రతిసారీ వైరింగ్ డయాగ్రమే గీసిస్తారు, వాళ్ళ తప్పేం లేదు, అలవాటు.

నంబర్లు: రిజిస్టర్ తెరవండి

అత్త రాసే పాల రిజిస్టర్‌లో ఎవరెన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత అన్నదాని పక్కన మార్జిన్‌లో "కరెంట్ లేదు", "పాతది పడుకునింది", "జనరేటర్ సెల్ఫ్ తీసుకోలేదు" అని చిన్నగా రాసి పెట్టుంది. బంగారం అది. కొత్త కంప్రెసర్ కొనక ముందు వంద రోజులు తీసుకుని ఒక్కో పార్ట్ ఎన్ని పూటలు మొండికేసిందో లెక్కపెట్టాం. కింద నేను రాసే అంకెలు మాత్రం అసలు రిజిస్టర్‌లోవి కావు, లెక్క కంటికి ఆనాలని పెంచి, గుండ్రంగా చేసి రాశా, నిజంగా అన్ని పూటలు పోతే మామ ఈపాటికి ఆవుల్ని అమ్ముకుని ఉండేవాడు.

రెండొందల పూటల్లో కరెంటు 20 పూటలు లేదు, అంటే ఉండే అవకాశం 0.90. పెద్ద కంప్రెసర్ 20 పూటలు మొరాయించింది, అది కూడా 0.90. పాత కంప్రెసర్ 60 పూటలు, 0.70. చేంజోవర్ స్విచ్ 8 పూటలు, 0.96. అజిటేటర్ మోటర్ 10 పూటలు, 0.95. కంట్రోలర్ 2 పూటలు, 0.99.

జనరేటర్ దగ్గర మాత్రం అందరూ పప్పులో కాలేస్తారు, నేనూ వేశా. రిజిస్టర్‌లో జనరేటర్ మీద రాసింది నాలుగే సార్లు. రెండొందల్లో నాలుగు అంటే 0.98, అబ్బో ఎంత మంచి జనరేటరో అనిపిస్తుంది. కానీ దాన్ని స్టార్ట్ చేసిందే 20 సార్లు, కరెంటు పోయినప్పుడే కదా దాని అవసరం. ఇరవైలో నాలుగు సార్లు సెల్ఫ్ తీసుకోలేదు అంటే దాని అసలు నంబర్ 0.80. పక్కన కూర్చుని అవసరమొచ్చినప్పుడు మాత్రమే లేచే ఏ పార్ట్‌కైనా, అది జనరేటర్ గానీ ఇన్వర్టర్ గానీ స్టాండ్‌బై పంపు గానీ, ఎన్నిసార్లు పిలిస్తే ఎన్నిసార్లు పలికింది అన్న లెక్కే తీసుకోవాలి.

మొత్తానికి ఒక నంబర్

ఒకదాని తర్వాత ఒకటి ఉన్నవాటిని గుణించాలి. చీలిక ఉన్న చోట, ఒక్కోటి చెడిపోయే అవకాశం (0.90 అయితే 0.10) తీసుకుని రెండిటినీ గుణిస్తే రెండూ ఒకేసారి పోయే అవకాశం వస్తుంది, దాన్ని 1లోంచి తీసేయాలి. కరెంటు, జనరేటర్ జంటకి 1 − (0.10 × 0.20) = 0.98. కంప్రెసర్ల జంటకి 1 − (0.10 × 0.30) = 0.97. ఇక మొత్తం: 0.98 × 0.96 × 0.99 × 0.97 × 0.95 = 0.858. అంటే వంద పూటల్లో దాదాపు 86 పూటలు సజావుగా జరుగుతుంది, 14 పూటలు ఏదో ఒక గోల.

ఒకే పార్ట్ బొమ్మలో రెండు దారుల్లో వచ్చే మెలికల సిస్టమ్ అయితే ఇలా సూటిగా గుణిస్తే తప్పు వస్తుంది. అప్పుడు ప్రతి పార్ట్ ఉంది, లేదు అని అన్ని కాంబినేషన్లూ రాసుకోవాలి, ఏడు పార్టులకి 128 వరసలు, షీట్‌కి అదో లెక్క కాదు. ఇరవై ముప్పై పార్టులు దాటితే పైథాన్‌కో, దీనికోసమే ఉన్న సాఫ్ట్‌వేర్‌కో పోవడం మేలు.

ఇప్పుడు అసలు కిటుకు: 1 పెట్టి చూడు, 0 పెట్టి చూడు

ఒక పార్ట్ ఎంత ముఖ్యం అని అడగడానికి చాలా సులువైన దారి, అది ఎప్పటికీ చెడిపోదు అనుకుని దాని నంబర్ 1 పెట్టి మొత్తం లెక్క చెయ్యి, అది చచ్చిపోయింది అనుకుని 0 పెట్టి మళ్ళీ చెయ్యి, రెండిటి తేడా తియ్యి. ఆ తేడాయే ఆ పార్ట్ విలువ. ఇంత సింపుల్ విషయానికి కూడా పేరుంది, బర్న్‌బామ్ ఇంపార్టెన్స్ అంటారు, అమెరికాలో సియాటెల్‌లో ప్రొఫెసర్‌గా చేసిన జెడ్. విలియం బర్న్‌బామ్ 1969లో ప్రతిపాదించాడు. అంతకు ఏడేళ్ళ ముందే 1962లో బెల్ ల్యాబ్స్‌లో మినిట్‌మన్ క్షిపణి ప్రయోగ వ్యవస్థ కోసం, ఏవేవి పోతే మొత్తం ఆగుతుందో చెట్టులా గీసే ఫాల్ట్ ట్రీ అనే పద్ధతి పుట్టింది, క్షిపణుల కోసం పుట్టిన ఇలాంటి ఆలోచనలు చివరికి పాల కూలర్‌కి పనికొస్తున్నాయి.

షీట్‌లో ఇలా చేయండి. ఏడు పార్టులకి ఏడు వరసలు, ప్రతి వరసలో ఏడు నంబర్లూ కాపీ చేసి పెట్టండి, ఏ వరస ఏ పార్ట్‌దో ఆ ఒక్క గడిలో మాత్రం 1 పెట్టండి. చివరి గడిలో మొత్తం లెక్క ఫార్ములా. ఆ టేబుల్ మొత్తం కింద ఇంకోసారి కాపీ చేసి 1లు ఉన్న చోట 0లు పెట్టండి. పైదాంట్లోంచి కిందది తీసేయండి. పది నిమిషాల పని.

మాకు వచ్చినవి ఇవి. చివరి కాలమ్ ఏంటో కింద చెప్తా.

| పార్ట్ | చెడిపోయే అవకాశం | బర్న్‌బామ్ విలువ | రెండిటి గుణకారం |
|---|---|---|---|
| అజిటేటర్ మోటర్ | 0.05 | 0.903 | 0.045 |
| చేంజోవర్ స్విచ్ | 0.04 | 0.894 | 0.036 |
| పెద్ద కంప్రెసర్ | 0.10 | 0.265 | 0.027 |
| పాత కంప్రెసర్ | 0.30 | 0.088 | 0.027 |
| కరెంటు లైను | 0.10 | 0.175 | 0.018 |
| జనరేటర్ | 0.20 | 0.088 | 0.018 |
| కంట్రోలర్ | 0.01 | 0.867 | 0.009 |

పాత కంప్రెసర్ వరస చూడండి. అందరికన్నా ఎక్కువ ఏడ్చేది అదే, 0.30. కానీ దాని విలువ 0.088, అట్టడుగున జనరేటర్ పక్కన కూర్చుంది. ఎందుకంటే దాని పక్కన పెద్ద కంప్రెసర్ ఉంది, అది వందలో తొంభై సార్లు పని కానిచ్చేస్తుంది.

ఇంకొకటి కూడా గమనించండి, ఇది నాకు చాలా నచ్చే సంగతి. పాత కంప్రెసర్ విలువ లెక్కలో దాని సొంత 0.70 ఎక్కడా రాలేదు, 1 పెట్టాం, 0 పెట్టాం, అంతే. అంటే ఒక పార్ట్ విలువ అది ఎంత మంచిదో చెడ్డదో అన్నదాని మీద ఆధారపడదు, దాని చుట్టూ ఎవరున్నారు అన్నదాని మీదే ఆధారపడుతుంది. పక్కన ఆదుకునేవాడు లేని పార్ట్‌కి విలువ చుక్కల్లో ఉంటుంది. అందుకే నూటికి ఒక్కసారి మాత్రమే అలిగే కంట్రోలర్‌కి 0.867 వచ్చింది.

మొదటి బొమ్మ: అడ్డ గీతలు

బర్న్‌బామ్ విలువల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చి అడ్డంగా బార్లు గీయండి, పేర్లు ఎడమ పక్కన. నిలువు బార్లు వద్దు, మన తెలుగు పేర్లు పొడుగు కాబట్టి షీట్ వాటిని ఏటవాలుగా తిప్పేస్తుంది, మెడ వంచి చదవాలి. పార్టుల్ని అక్షర క్రమంలోనో, మిషన్‌లో ఉన్న వరసలోనో పెట్టొద్దు, విలువ వరసలోనే పెట్టాలి, లేదంటే బొమ్మ గీసి లాభం లేదు.

ఈ బొమ్మ చూడగానే మామకి మూడు పొడుగు గీతలు, నాలుగు పొట్టి గీతలు కనిపించాయి. పొడుగువి మూడూ ఒంటరివి, పొట్టివి నాలుగూ జంటల్లో ఉన్నవి. నేను నోరు తెరవకముందే "ఒంటిగా ఉండేటివే కొంప ముంచేటివి" అన్నాడు. బొమ్మ పని చేసింది అనడానికి అంతకన్నా ఏం కావాలి.

పై చార్ట్ (pie chart) మాత్రం గీయొద్దు. చాలా మంది వాటా అనగానే గుండ్రంగా రొట్టె ముక్కలు కోస్తారు. ఈ విలువలన్నీ కూడితే 1 రాదు, రావాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఒకే పూట ఫెయిల్‌కి కరెంటూ జనరేటరూ రెండూ కలిసి కారణం, ఇద్దరి ఖాతాలోనూ అది పడుతుంది. ముక్కలు కోసి వందకి సరిపెడితే షీట్ కోసిస్తుంది, కానీ అది అబద్ధం. పారెటో చార్ట్‌కి కూడా ఇదే గొడవ, బార్ల మీద పాక్కుంటూ పైకి పోయే ఆ గీతకి ఇక్కడ అర్థం లేదు.

రెండో బొమ్మ: చుక్కలు (ఒక్కటే గీసే ఓపిక ఉంటే ఇదే గీయండి)

అడ్డ గీతల బొమ్మలో ఒక లోపం ఉంది, ఏది పోతే ప్రమాదమో చెప్తుంది గానీ అది నిజంగా పోతుందా లేదా చెప్పదు. కంట్రోలర్ పోతే ప్రమాదమే, కానీ అది పోదు కదా. మామ పాత పద్ధతిలో ఏది ఎక్కువ పోతుందో మాత్రమే చూశాడు, మనం ఏది పోతే ప్రమాదమో మాత్రమే చూస్తే అది కూడా సగం చూపే.

కాబట్టి స్కాటర్ చార్ట్ తీసుకోండి. అడ్డంగా చెడిపోయే అవకాశం, నిలువుగా బర్న్‌బామ్ విలువ. ఒక్కో పార్ట్ ఒక్కో చుక్క, చుక్క పక్కనే పేరు. పక్కన రంగుల పట్టిక పెట్టి ఏ రంగు ఏ పార్టో వెతుక్కోమనడం చూసేవాళ్ళకి శిక్ష, షీట్‌లో డేటా లేబుల్ ఆన్ చేసి పేర్ల కాలమ్‌ని చూపిస్తే చాలు.

ఇప్పుడు మూలలు చదవండి. ఎడమ పైమూలలో కంట్రోలర్ ఉంటుంది, మంచోడే కానీ పోతే కొంప మునుగుతుంది, దాన్ని మార్చక్కర్లేదు, ఒక కన్నేసి ఉంచాలి. కుడి కిందమూలలో పాత కంప్రెసర్, రోజూ ఏడుస్తుంది కానీ పెద్ద నష్టం లేదు. అజిటేటర్, చేంజోవర్ కంట్రోలర్‌కి కొంచెం కుడిగా, అంతే ఎత్తులో. కళ్ళతో చూస్తే ఈ మూడూ ఒకే గుంపులా కనిపిస్తాయి, నిజానికి కావు, అందుకే ఇంకో పని చేయాలి.

పైన టేబుల్‌లో చివరి కాలమ్ ఉంది కదా, చెడిపోయే అవకాశాన్ని బర్న్‌బామ్ విలువతో గుణించింది. దాని అర్థం చాలా సూటిగా ఉంటుంది: ఆ పార్ట్‌ని అసలు చెడిపోనిదిగా చేసేస్తే మొత్తం నంబర్ ఎంత పెరుగుతుంది అని. అజిటేటర్‌కి 0.045, అంటే 0.858 కాస్తా 0.903 అవుతుంది. ఈ గుణకారం 0.01, 0.02, 0.03, 0.04 వచ్చే చోట్లన్నీ కలుపుతూ చుక్కల బొమ్మ మీద నాలుగు వంపు గీతలు గీయండి. గీయడం ఎలా అంటే, 0.02 గీతకి అడ్డంగా 0.05 దగ్గర ఎత్తు 0.4, 0.10 దగ్గర 0.2, 0.20 దగ్గర 0.1, ఇలా నాలుగైదు పాయింట్లు రాసి స్మూత్ లైన్ పెడితే వస్తుంది, బూడిద రంగులో పల్చగా ఉంచండి.

అంతే, బొమ్మ మాట్లాడుతుంది. ఏ చుక్క ఎన్ని గీతలు దాటిందో చూస్తే చాలు. కంట్రోలర్ ఎంత ఎత్తులో ఉన్నా మొదటి గీత లోపలే. కరెంటు, జనరేటర్ ఒకటి దాటాయి. కంప్రెసర్లు రెండూ రెండు గీతలు దాటాయి. చేంజోవర్ మూడు. అజిటేటర్ ఒక్కటే నాలుగూ దాటి బయటికొచ్చి నిలబడింది. ఇంకా, జంటలో ఉన్న రెండు చుక్కలూ దూరదూరంగా ఉన్నా ఒకే వంపు మీద కూర్చుంటాయి, ఇద్దరూ కలిసి పోతేనే నష్టం కాబట్టి నష్టంలో ఇద్దరి వాటా ఒకటే.

డబ్బుతో తూకం

ఇక్కడే మామ ప్రశ్నకి జవాబు. కొత్త కంప్రెసర్ పెడితే ఆ 0.70 కాస్తా 0.95 అయింది అనుకుందాం, 0.25 పెరుగుదల, చాలా ఎక్కువ. దాన్ని దాని విలువ 0.088తో గుణిస్తే 0.022, మొత్తం 0.858 నుంచి 0.880కి వచ్చింది. అదే అజిటేటర్‌కి ఒక స్పేర్ మోటర్ తెచ్చి గోడకి తగిలించి పెట్టి, 0.95ని 0.98 చేస్తే? పెరిగింది 0.03 మాత్రమే, కానీ విలువ 0.903, గుణిస్తే 0.027. మొత్తం 0.885. చిన్న మోటర్ ఒకటి కంప్రెసర్‌ని దాటేసింది, ఖర్చులో ఎక్కడ దానికీ దీనికీ పోలిక.

మామ ఆ రెండు నంబర్లూ చాలాసేపు చూశాడు. అత్త లోపల్నుంచి "నేను అప్పుడే చెప్తి" అంది. అత్త అప్పుడు ఏం చెప్పిందో నాకు తెలీదు, మామకి మాత్రం తెలిసినట్టే ఉంది.

మీరు చేసేటప్పుడు టేబుల్‌లో ఇంకో గడి పెంచి, ఒక్కో పార్ట్‌కి మీ వల్ల అయ్యే మార్పు ఎంత, దానికి ఖర్చెంత, పెరిగేదాన్ని ఖర్చుతో భాగిస్తే ఎంత అని రాయండి. అసలు చెడిపోనిదిగా చేయడం ఎవరి వల్లా కాదు కాబట్టి గుణకారం గడి ఎక్కడ వెతకాలో చెప్తుంది, ఈ గడి ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్తుంది.

సర్వీసుకి పంపేముందు ఇంకో చిన్న లెక్క

0 పెట్టిన టేబుల్ పారేయకండి, దాంతో ఇంకో పని ఉంది. జనరేటర్‌ని రెండు రోజులు సర్వీసుకి పంపాలి అనుకోండి, అంటే ఆ రెండు రోజులు దాని నంబర్ 0. మామూలుగా ఫెయిల్ అయ్యే అవకాశం 0.142, జనరేటర్ లేకపోతే 0.212, అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. పెద్ద కంప్రెసర్ విప్పి పెడితే 0.381, రెండు రెట్లు దాటి మూడు వైపు పోతుంది. అణు విద్యుత్ కేంద్రాల్లో కూడా ఇలాంటి లెక్కే చూస్తారు, రిస్క్ అచీవ్‌మెంట్ వర్త్ అని పేరు, అమెరికాలో అక్కడ మెయింటెనెన్స్ కోసం ఏ పార్ట్‌కి ఈ రెట్లు 2 దాటితే దాన్ని ముఖ్యమైన వాటి కింద చూస్తారు. మన పాల కేంద్రానికి అంత పట్టింపు అక్కర్లేదు గానీ, పాత కంప్రెసర్ విప్పిన రోజే పెద్దదానికి కూడా గ్యాస్ చెక్ పెట్టుకోకూడదు అనేంత తెలివి ఈ నంబర్ ఇస్తుంది.

కాలం మారితే బొమ్మ మారుతుంది

ఏప్రిల్, మే నెలల్లో మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. ఎండాకాలంలో కరెంటు 0.90 కాకుండా 0.80 అనుకోండి, మిగతావి ఏవీ మార్చొద్దు. మళ్ళీ లెక్క చేస్తే జనరేటర్ విలువ 0.088 నుంచి 0.175కి వస్తుంది, సరిగ్గా రెట్టింపు. జనరేటర్‌కి ఏం కాలేదు, అదే ఇంజను, అదే బ్యాటరీ. పక్కనున్న కరెంటు బలహీనపడింది కాబట్టి దీని విలువ పెరిగింది, అంతే. అజిటేటర్ విలువేమో కొంచెం తగ్గి 0.885 అవుతుంది. మొత్తం నంబర్ 0.841కి దిగుతుంది.

దీన్ని చూపించడానికి హీట్ మ్యాప్ బాగుంటుంది. వరసల్లో పార్టులు, నిలువు గళ్ళలో ఎండాకాలం, వానాకాలం, చలికాలం, ప్రతి గడిలో గుణకారం విలువ, విలువ పెరిగేకొద్దీ లేత పసుపు నుంచి ముదురు ఎరుపుకి రంగు. షీట్‌లో కండిషనల్ ఫార్మాటింగ్‌లో కలర్ స్కేల్ పెడితే అదే వేసేస్తుంది. ఎక్సెల్‌లో ముందుగా కనిపించేది ఎరుపు, ఆకుపచ్చ కలిపింది, అది వద్దు, ఆ రెండు రంగుల తేడా తెలియని మగవాళ్ళు చాలామందే ఉంటారు, మా షిఫ్టులోనే ఒకడున్నాడు. ఒకే రంగు లేత నుంచి ముదురుకి పోతే చాలు, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీసినా పనికొస్తుంది. అదే రంగులు మొదట గీసిన డబ్బాల బొమ్మకి కూడా వేసేయండి, చదువుకోనివాళ్ళకి చూపించడానికి అంతకన్నా మంచి బొమ్మ లేదు.

నంబర్లని ఎంత నమ్మాలి

రెండొందల్లో పది అంటే కాస్త నమ్మొచ్చు. ఇరవైలో నాలుగు అంటే? జనరేటర్ నంబర్ 0.80 అని రాసేశాం గానీ, 95 శాతం నమ్మకంతో హద్దులు తీస్తే అది 0.56 నుంచి 0.94 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంత వెడల్పు! జనరేటర్ నంబర్ కదిలితే దాని పక్కనున్న కరెంటు విలువ కదులుతుంది, 0.05 నుంచి 0.38 దాకా. అందుకని బొమ్మలో కరెంటు చుక్కకి పైకీ కిందకీ ఒక సన్నటి మీసం గీయండి, ఎర్రర్ బార్ అంటారు, చూసేవాళ్ళకి ఈ చుక్క గట్టిగా నిలబడింది కాదు, ఊగుతోంది అని తెలియాలి.

రెండు కొసలూ పెట్టి మళ్ళీ లెక్క చేశా. జనరేటర్ మరీ అధ్వానం అనుకున్నా అజిటేటర్ మొదటి చోటు పోలేదు, అక్కడ గుణకారం 0.044, కరెంటు జనరేటర్ జంటకి 0.038. కానీ రెండో చోటు మాత్రం చేంజోవర్‌ని తోసేసి ఆ జంట ఎక్కేసింది. కాబట్టి మోటర్ కొనడానికి ఆలోచించక్కర్లేదు, చేంజోవర్ మార్చాలా జనరేటర్ చూడాలా అన్నదానికి మాత్రం ఇంకొంచెం డేటా కావాలి. దానికి దారి కూడా సులువే, కరెంటు ఉన్నా సరే ప్రతి మంగళవారం ఒకసారి జనరేటర్ స్టార్ట్ చేసి, తీసుకుందా లేదా రాయడం. డీజిల్ ఖర్చు అని మామ గొణిగాడు, అత్త ఒప్పుకుంది.

ఇక ఆఖరి గొడవ, లెక్కలో కనపడనిది. పైన అంతా ఒక పార్ట్ పోవడానికీ ఇంకో పార్ట్ పోవడానికీ సంబంధం లేదు అనుకుని చేశాం. కానీ ఒక రాత్రి ఉరుములు మెరుపులు వచ్చి వోల్టేజ్ ఎగిరి రెండు కంప్రెసర్ల కెపాసిటర్లూ ఒకేసారి పేలిపోయాయి అనుకోండి, జంట ఉంది కదా అన్న ధీమా అక్కడికక్కడే పోతుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇలాంటివి ఉంటే రెండిటికీ ఉమ్మడిగా ఉన్న ఆ దెబ్బని ఇంకో డబ్బాగా గీసి, పైపు మీద ఒంటరిగా పెట్టాలి, ఆ పూటల్ని కంప్రెసర్ల లెక్కలోంచి తీసి దీని ఖాతాలో వేయాలి. ఒంటరి డబ్బా కాబట్టి దాని విలువ ఒక్కసారిగా పైకి పోతుంది, అప్పుడు స్టెబిలైజర్ పెట్టడం గురించి కూడా ఇదే తూకం వేయొచ్చు.

మా రిజిస్టర్‌లో అలాంటివి రెండు పూటలు దొరికాయి, ఎండాకాలం చివర గాలివానకి. అత్త ఇప్పుడు మార్జిన్‌లో రాయడం మానేసి ఒక పేజీ నిండా గళ్ళు గీసింది, ఏడు పార్టులకి ఏడు, చివర్న ఎనిమిదోది, దాని మీద "ఉరుము" అని రాసింది. చుక్కల బొమ్మ ప్రింటు కూలర్ పక్కన గోడకి అంటించి ఉంది, దాని కింద మేకుకి, పాలిథిన్ కవర్లో చుట్టి, కొత్త అజిటేటర్ మోటర్.